ఛార్జింగ్ ఎక్కుతోంది, ల్యాప్‌టాప్‌లో మాత్రం ఫోన్ కనబడటం లేదు: ఫ్లాష్ చేయించే ముందు ఇవి చూడండి

మీ ఇబ్బందిని ముందు ఒకసారి చెప్పుకుందాం, ఇదే సమస్య ఉన్న మిగతావాళ్లకీ అర్థమవుతుంది. నెల్లూరు నుంచి వచ్చిన మీ నాన్నగారి ఆండ్రాయిడ్ ఫోన్‌లో స్టోరేజ్ నిండిపోయింది. అక్క పెళ్లి వీడియోలు, పొలం పాస్‌బుక్కు ఫోటోలు అందులోనే ఉన్నాయి. చెన్నై తిరువాన్మియూర్‌లో మీ ఇంట్లో విండోస్ ఉన్న ఆఫీసు ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెడితే ఛార్జింగ్ ఎక్కుతోంది, ల్యాప్‌టాప్‌లో మాత్రం ఏమీ రావడం లేదు. ఇంటి దగ్గర షాపులో చూపిస్తే 'సాఫ్ట్‌వేర్ పోయింది, ఫ్లాష్ కొట్టాలి, డేటాకి గ్యారంటీ లేదు' అన్నారు, అంటే ఫోన్ సాఫ్ట్‌వేర్ మొత్తం తీసి మళ్లీ వేయాలని. ఆదివారం నాన్నగారు ఊరెళ్లిపోతారు, ఈలోగా ఏం చేయాలని అడిగారు.

చెన్నై రిచీ స్ట్రీట్‌లో చాలా ఏళ్లుగా ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తున్నాను. ఆ అనుభవంతోనే గట్టిగా చెబుతున్నాను, ఆ ఫోన్‌ని ఫ్లాష్ చేయనివ్వకండి.

ఫోన్ ఆన్ అవుతోంది, టచ్ పనిచేస్తోంది, గ్యాలరీలో వీడియోలు ఆడుతున్నాయి అని మీరే రాశారు. అంత బాగున్న ఫోన్‌కి, కంప్యూటర్‌లో కనబడటం లేదన్న ఒక్క కారణంతో సాఫ్ట్‌వేర్ తీసి మళ్లీ వేయాల్సిన పని దాదాపుగా ఉండదు. ఫ్యాక్టరీ రీసెట్, అంటే ఫోన్‌లోవన్నీ చెరిపేసి కొత్తదానిలా చేయడం, అది కూడా అంతే. కంపెనీ నుంచి వచ్చేటప్పుడే ఆండ్రాయిడ్ 10 గానీ ఆ తర్వాతిది గానీ ఉన్న ఫోన్లలో లోపలి స్టోరేజ్ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే కీ లేకుండా చదవలేని రూపంలో, ఉంటుంది. రీసెట్ కొడితే ఆ ఎన్‌క్రిప్షన్ కీ చెరిగిపోతుంది. కీ పోయాక ఏ రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టినా పాత ఫోటోలు చదవడం కుదరదు. 'ముందు రీసెట్ చేద్దాం, తర్వాత రికవరీ చేసిస్తాం' అని ఎవరన్నా అంటే ఫోన్ తీసుకుని వచ్చేయండి. ఆ పెళ్లి వీడియోలు ఇంకెక్కడా లేవని తెలిసి కూడా ఆ మాట ఇంత తేలిగ్గా అనేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక అసలు విషయం. 'ఛార్జింగ్ ఎక్కుతోంది కాబట్టి కేబుల్ బాగానే ఉంది' అని మీరు రాశారు. చాలామంది దారి తప్పేది ఇక్కడే. మామూలు యూఎస్‌బీ కేబుల్ లోపల నాలుగు తీగలుంటాయి. ఎరుపు, నలుపు కరెంటుకి. ఆకుపచ్చ, తెలుపు డేటాకి. మొదటి రెండూ బాగుంటే చాలు, బ్యాటరీ గుర్తు వెలుగుతుంది, ఛార్జింగ్ ఎక్కుతుంది. మిగతా రెంటిలో ఏ ఒక్కటి తెగినా ఫోన్, కంప్యూటర్ ఒకదాన్నొకటి గుర్తుపట్టలేవు. తెగడం దాకా అక్కర్లేదు కూడా. ఇయర్‌బడ్స్, ట్రిమ్మర్, చిన్న ఫ్యాన్, పవర్ బ్యాంక్ లాంటివాటితో వచ్చే కొన్ని కేబుళ్లలో ఖర్చు తగ్గించడానికి డేటా తీగలు అసలు వేయనే వేయరు. పైకి చూస్తే మాత్రం తేడా తెలియదు. ఇంట్లో సొరుగు తీస్తే చేతికొచ్చే కేబుళ్లలో కొన్ని ఇలాంటివే అయి ఉండొచ్చు.

టైప్-సి ఫోన్ అయితే ఇంకో సంగతి ఉంది, దీన్ని తెలుసుకుంటే మీకు ఒక మంచి పరీక్ష దొరుకుతుంది. ఫోన్ సాకెట్‌లో 24 పిన్నులుంటాయి. అందులో కరెంటుకి 4, గ్రౌండ్‌కి 4. వాటిలో ఒకటి రెంటికి మురికి పట్టినా మిగతావి మోస్తాయి, ఛార్జింగ్ ఆగదు. మామూలు యూఎస్‌బీ 2.0 డేటాకి మాత్రం కేబుల్ తలలో ఉండేది ఒకే ఒక్క జత, అదీ ఒక పక్కనే. సాకెట్‌లో రెండు పక్కలా ఆ జత ఉంటుంది కాబట్టే తల ఎటు తిప్పి పెట్టినా పనిచేస్తుంది. అందుకని ల్యాప్‌టాప్ వైపు చివర కదపకుండా, ఫోన్ వైపు తల తీసి తిరగేసి పెట్టి చూడండి. ఒక వైపు పెడితే ఫోన్ కనబడి, తిరగేస్తే మాయమైతే, సాకెట్‌లో ఒక పక్క పిన్నుల మీద మురికో తుప్పో ఉన్నట్టు. ఇక డ్రైవర్ల (పరికరాల్ని నడపడానికి విండోస్ వాడే చిన్న సాఫ్ట్‌వేర్ల) జోలికి వెళ్లనక్కర్లేదు. కనబడిన వైపే పెట్టి ఆ రాత్రే అన్నీ కాపీ చేసేసుకోండి, శుభ్రం చేయడం తర్వాత సంగతి.

ఇప్పుడు పైసా ఖర్చు లేని పని చూద్దాం. కేబుల్ పెట్టి, ఫోన్ లాక్ తీసి, స్క్రీన్ వెలుగుతూ ఉంచండి. ఆండ్రాయిడ్ 6 వచ్చినప్పటి నుంచి, అంటే 2015 నుంచి, కేబుల్ పెట్టగానే ఫోన్ ఛార్జింగ్ మోడ్‌లోనే ఉంటుంది. ఎవరో తమ కంప్యూటర్‌కి మన ఫోన్ పెట్టి ఫోటోలు లాక్కోకుండా చేసిన ఏర్పాటది, మంచిదే. పైనుంచి నోటిఫికేషన్లు కిందికి లాగితే, అన్నిటికంటే అడుగున, యూఎస్‌బీ ద్వారా ఛార్జ్ అవుతోందన్న చిన్న గీత ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కితే ఒక జాబితా తెరుచుకుంటుంది. అందులో 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకోండి. కొన్ని ఫోన్లలో దాని పక్కనే 'ఆండ్రాయిడ్ ఆటో' అనీ, పాతవాటిలో 'ఎంటీపీ' అనీ ఉంటుంది, అన్నీ ఒకటే. కనబడటం లేదని నా దగ్గరికి వచ్చే ఫోన్లలో చాలావాటికి ఇక్కడితోనే పని అయిపోతుంది, నేను డబ్బులు తీసుకోను కూడా.

ల్యాప్‌టాప్‌లో ఫోన్ పేరు కనబడుతోంది కానీ తెరిస్తే ఫోల్డర్ ఖాళీగా ఉందా? అప్పుడు ఫోన్ లాక్ అయి ఉంది, లేదా మోడ్ ఇంకా ఛార్జింగ్‌లోనే ఉంది. వేలిముద్రో పిన్నో కొట్టి లాక్ తీసి, మోడ్ మార్చగానే ఫోల్డర్లు వచ్చేస్తాయి.

అసలు ఆ నోటిఫికేషనే రాకపోతే అది పెద్ద ఆధారం. చాలా ఫోన్లలో దానర్థం, ఫోన్ ఆ ల్యాప్‌టాప్‌ని గోడకున్న ఛార్జర్ అనుకుంటోందని. డేటా తీగల్లో ఏ కదలికా లేదన్నమాట. అలాంటప్పుడు విండోస్‌లో ఏ బటన్ నొక్కినా లాభం లేదు. కేబుల్, ఫోన్ సాకెట్, ల్యాప్‌టాప్ పోర్ట్, ఈ మూడే అనుమానితులు.

మూడింట్లో దొంగ ఎవరో తేల్చడానికి ఒక్కటే పద్ధతి: ఒకసారికి ఒక్కటే మార్చాలి. టెన్షన్‌లో అందరూ కేబుల్, పోర్ట్, సెట్టింగ్ అన్నీ కలిపి మార్చేస్తారు, ఆఖరికి దేనివల్ల బాగైందో తెలియదు. ముందు మీ ఫోన్‌ని అదే కేబుల్‌తో, అదే పోర్ట్‌కి పెట్టండి. మీ ఫోన్ కనబడితే కేబుల్, ల్యాప్‌టాప్ రెండూ బాగున్నట్టే, తప్పు నాన్నగారి ఫోన్‌లో ఉంది. మీ ఫోన్ కూడా కనబడకపోతే నాన్నగారి ఫోన్‌కి ఏ పాపమూ తెలియదు. అప్పుడు మీ ఫోన్ డబ్బాలో వచ్చిన కేబుల్ తీసి పెట్టండి. దానితోనూ రాకపోతే పక్కింటివాళ్ల ల్యాప్‌టాప్‌లో చూడండి. పది నిమిషాల పని. షాపులో ఫ్లాష్ మాట ఎత్తే ముందు ఈ పని చేశారో లేదో అడగండి, నాకైతే చేసినట్టు అనిపించడం లేదు.

పెట్టేటప్పుడు యూఎస్‌బీ హబ్, డాక్, మానిటర్ వెనక పోర్టు ఇవేవీ మధ్యలో ఉండకూడదు, నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి. డెస్క్‌టాప్ అయితే క్యాబినెట్ ముందున్న పోర్టులు వద్దు. అవి లోపల సన్న కేబుల్‌తో మదర్‌బోర్డుకి కలిసి ఉంటాయి, లూజ్ కాంటాక్ట్‌లు అక్కడే ఎక్కువ. వెనకవైపు పోర్టులు మదర్‌బోర్డుకే అతికి ఉంటాయి కాబట్టి వాటిని నమ్మొచ్చు.

మీ విషయంలో నాకు గట్టి అనుమానం ఒకటుంది, అది ఆఫీసు ల్యాప్‌టాప్ మీద. ఓఎంఆర్ (చెన్నైలో ఐటీ ఆఫీసులు ఎక్కువగా ఉన్న రోడ్డు) కంపెనీల్లో చాలావాటిలో ఐటీ వాళ్లు ఫోన్లు, పెన్‌డ్రైవ్‌లు తెరుచుకోకుండా పాలసీ పెట్టేస్తారు. మౌస్, కీబోర్డ్ పనిచేస్తాయి, ఫోన్ ఛార్జ్ అవుతుంది, ఫైళ్లు మాత్రం రావు. ఒక్కోచోట 'యాక్సెస్ డినైడ్' అని మెసేజ్ వస్తుంది, ఒక్కోచోట ఏ మెసేజూ లేకుండా ఊరుకుంటుంది. మీరు రాసిన లక్షణాలు దీనికి అచ్చంగా సరిపోతున్నాయి. ఆ ల్యాప్‌టాప్‌లో మీ పెన్‌డ్రైవ్ ఎప్పుడైనా తెరుచుకుందా అన్నది గుర్తు చేసుకోండి. తెరుచుకోకపోతే ఇక అక్కడ వెతకడం ఆపేయండి. ఆ పాలసీని దాటే చిట్కాలు యూట్యూబ్‌లో చాలా దొరుకుతాయి, దయచేసి వాటి జోలికి వెళ్లొద్దు. ఉద్యోగానికి ముప్పు. పైగా ఇంటి పొలం కాగితాలు కంపెనీ మెషీన్‌లో ఉండటం కూడా మంచిది కాదు, రేపు ల్యాప్‌టాప్ వెనక్కి ఇచ్చేటప్పుడు అవీ వెళ్లిపోతాయి. స్నేహితుడి సొంత ల్యాప్‌టాప్ ఒక్క సాయంత్రానికి అడగండి.

సరే, మీ ఫోన్ కనబడి నాన్నగారి ఫోన్ మాత్రమే కనబడటం లేదని తేలిందనుకుందాం. అప్పుడు సాకెట్ చూడాలి. తిరువాన్మియూర్, బెసంట్ నగర్, సముద్రం పక్కనున్న ఏ పేటలోనైనా గాలిలో ఉప్పు ఉంటుంది. ఈశాన్య రుతుపవనాల నెలల్లో, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, తేమ తోడవుతుంది. కేబుల్ పెట్టి ఉంచినప్పుడు ఆ తడి మీదుగా కరెంటు పారి, పిన్నుల పూత తినేస్తుంది. నాన్నగారు ఊళ్లో ఫోన్‌ని లుంగీ మడతలోనో చొక్కా జేబులోనో పెట్టుకుని తిరుగుతారు కాబట్టి నూలు పోగులు కూడా చేరతాయి. అవి కేబుల్ గుచ్చిన ప్రతిసారీ అడుగుకి అదిమి అదిమి గట్టి పొరలా తయారవుతాయి. కేబుల్ తల పూర్తిగా లోపలికి దిగకుండా కాస్త బయటికి కనబడుతుంటే, లేదా క్లిక్‌మని పట్టు రాకుండా వదులుగా జారిపోతుంటే, ఆ పొర ఉన్నట్టే.

శుభ్రం చేసే ముందు ఫోన్ స్విచాఫ్ చేయండి. ఇంకో ఫోన్ టార్చి వేసి లోపలికి చూడండి. టైప్-సి సాకెట్ మధ్యలో నాలుకలాంటి పలుచని పట్టీ ఉంటుంది. పిన్నులన్నీ దాని మీదే. ఆ నాలుక విరిగితే సాకెట్ మార్చడం తప్ప దారి లేదు, కాబట్టి చేయి తేలిగ్గా ఉండాలి. చెక్క టూత్‌పిక్‌ని బ్లేడుతో ఇంకా పలుచగా చెక్కి, నాలుకకీ గోడకీ మధ్య అడుగున మెల్లగా గీకి పోగుల్ని బయటికి లాగండి. పిన్నీసు, సూది, స్టేప్లర్ పిన్ను వద్దు, ఇనుము తగిలితే షార్ట్ అవుతుంది, పూత గీసుకుపోతుంది. నోటితో ఊదొద్దు, ఉమ్మి తేమ లోపలికి పోతుంది. పోగులు తీశాక పిన్నుల మీద ఆకుపచ్చగానో నల్లగానో మచ్చలు కనబడితే, మెత్తని బ్రష్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, విదిలించి, మెల్లగా రుద్దండి. రిచీ స్ట్రీట్‌లో సర్వీసు సామాన్లు అమ్మే షాపుల్లో ఐపీఏ అని అడిగితే ఇస్తారు. దాని బదులు శానిటైజర్ వాడొద్దు, అందులో నీళ్లు, గ్లిజరిన్ ఉంటాయి. కొబ్బరినూనె, పెట్రోల్ అసలే వద్దు. ఫ్యాన్ కింద అరగంట ఆరనిచ్చి అప్పుడు ఆన్ చేయండి. సాకెట్‌లో తేమ ఉందని ఫోనే హెచ్చరిక చూపిస్తుంటే కేబుల్ తీసేసి, సాకెట్ కిందికి ఉండేలా గాలికి పెట్టండి. బియ్యం డబ్బాలో పెట్టకండి, ఆ పొడి వెళ్లి సాకెట్‌లోనే చేరుతుంది.

కేబుల్ కొత్తది కొనాల్సి వస్తే షాపులో 'ఛార్జింగ్ కేబుల్' అని కాకుండా 'డేటా కేబుల్' అని అడగండి. లావుగా ఉంటే మంచిదన్న నమ్మకం తప్పు, లావు కరెంటు మోయడానికి. 100 వాట్లు మోసే కేబుళ్లలో కూడా చాలావాటికి డేటా వేగం యూఎస్‌బీ 2.0దే, అంటే సెకనుకి గరిష్ఠంగా 480 మెగాబిట్లు. మీ పనికి అది చాలు. పాత చదరపు తల, అంటే టైప్-ఎ తల లోపలికి చూస్తే నాలుగు బంగారు రేకులుంటాయి. రెండు అంచుల్లో ఉన్నవి కాస్త పొడుగు, అవి కరెంటువి. మధ్యలో రెండూ పొట్టి, అవి డేటావి. మధ్య రెండూ లేకపోతే అది ఛార్జింగ్‌కే పనికొస్తుంది. నాలుగూ ఉన్నాయని తీగలు కూడా ఉన్నాయనుకోలేం, కాబట్టి షాపులోనే వాళ్ల కంప్యూటర్‌కి పెట్టి చూపించమనండి. నాలుగు డబ్బులు ఆశించే ఏ షాపువాడూ కాదనడు.

ఇంతవరకూ వస్తువుల సంగతి. ఇప్పుడు విండోస్ ఏమంటోందో వినాలి, దీన్ని నేను చివర్లో పెట్టడానికి కారణముంది. అందరూ డ్రైవర్లతోనే మొదలుపెట్టి, ఎక్కడెక్కడివో డ్రైవర్ ప్యాకులు దించుకుని ల్యాప్‌టాప్‌లోకి వైరస్‌లు తెచ్చుకుంటారు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ (కంప్యూటర్‌కి కలిసి ఉన్న పరికరాల జాబితా) తెరవండి. దాన్ని చూస్తూ కేబుల్ పెట్టి తీయండి. పెట్టినప్పుడు జాబితా ఒక్కసారి కూడా మిణుకుమనకపోతే, టింగ్ శబ్దం కూడా రాకపోతే, కంప్యూటర్‌కి ఏమీ తెలియడం లేదు, తప్పు కేబుల్‌దో సాకెట్‌దో పోర్ట్‌దో. 'అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్, డివైస్ డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్' అని వస్తే, ఏదో పెట్టారని కంప్యూటర్ గమనించింది, నువ్వెవరని అడిగింది, సరైన జవాబు రాలేదు. ఇది కూడా ఎక్కువసార్లు లూజ్ కాంటాక్టే. దీనికి ల్యాప్‌టాప్‌ని ఒకసారి రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ కాదు, రీస్టార్టే. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా సిస్టమ్ పూర్తిగా కొత్తగా మొదలవదు, రీస్టార్ట్‌లో అవుతుంది. ఫోన్ కూడా అప్పుడే రీస్టార్ట్ చేయండి.

ఫోన్ పేరో, ఎంటీపీ అన్న మాటో పసుపు త్రికోణంతో కనబడితేనే డ్రైవర్‌ని అనుమానించాలి. దాని మీద రైట్ క్లిక్ చేసి 'అప్‌డేట్ డ్రైవర్', తర్వాత 'బ్రౌజ్ మై కంప్యూటర్', తర్వాత 'లెట్ మీ పిక్' నొక్కితే వచ్చే జాబితాలో 'ఎంటీపీ యూఎస్‌బీ డివైస్' ఎంచుకోండి. ఆ డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది, బయటి నుంచి ఏదీ దించుకోనక్కర్లేదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ల్యాప్‌టాప్ అయితే సెట్టింగ్స్‌లో అబౌట్ తెరిచి విండోస్ ఎడిషన్ పేరు చూడండి. చివర ఎన్ అనే అక్షరం ఉంటే అందులో మీడియా భాగాలు ఉండవు, ఎంటీపీ కూడా పనిచేయదు. ఆప్షనల్ ఫీచర్స్‌లో మీడియా ఫీచర్ ప్యాక్ వేసుకుంటే సరిపోతుంది.

ఫోన్‌లో మోడ్ మార్చినా మళ్లీ ఛార్జింగ్‌కే తిరిగిపోతుంటే, సెట్టింగ్స్‌లోని అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబర్‌ని 7 సార్లు నొక్కండి. డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి, వాటిలో డిఫాల్ట్ యూఎస్‌బీ కాన్ఫిగరేషన్‌ని ఫైల్ ట్రాన్స్‌ఫర్‌కి మార్చండి. పని అయ్యాక డెవలపర్ ఆప్షన్స్ ఆఫ్ చేయడం మరవద్దు. అవి ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు, నాన్నగారు ఊళ్లో ఇబ్బంది పడతారు.

శుభ్రం చేసినా, కేబుల్ మార్చినా, వేరే ల్యాప్‌టాప్‌లో పెట్టినా రాలేదంటే అప్పుడు ఛార్జింగ్ బోర్డు పోయిందనుకోవాలి. చాలా ఫోన్లలో సాకెట్ ఉండేది అడుగున ఒక చిన్న సబ్ బోర్డు మీద. అది ఒక ఫ్లెక్స్ స్ట్రిప్‌తో (వంగే పలుచని పట్టీతో) మెయిన్ బోర్డుకి కలిసి ఉంటుంది. ఫోటోలు, వీడియోలు అన్నీ మెయిన్ బోర్డు మీది చిప్‌లో ఉంటాయి. కాబట్టి సబ్ బోర్డు, స్ట్రిప్ మార్చినంత మాత్రాన డేటా పోదు, రీసెట్ అవసరం రాదు. షాపులో సూటిగా అడగండి: 'నా ముందే విప్పి సబ్ బోర్డు మార్చండి, సాఫ్ట్‌వేర్ ముట్టుకోవద్దు.' పిన్ నంబర్ కాగితం మీద రాసివ్వకండి. టెస్ట్ చేసేటప్పుడు మీరే పక్కన నిలబడి లాక్ తీయండి.

అయితే మీకు ఆదివారం దాకానే టైం ఉంది. బోర్డు దొరకడం, మార్చడం ఆలస్యమవ్వొచ్చు. ఫోన్ బాగుచేయడం కంటే ముందు వీడియోలు బయటికి తీయడం ముఖ్యం, దానికి కేబులే కావాలని లేదు. చాలామంది ఓటీజీ పెన్‌డ్రైవ్, అంటే నేరుగా ఫోన్ సాకెట్‌కే పెట్టే పెన్‌డ్రైవ్, పెట్టమంటారు. డేటా పిన్నులు పాడైతే ఓటీజీ కూడా పనిచేయదు, అదీ అదే సాకెట్‌లోంచి వెళ్లాలి కదా. సాకెట్ బాగుండి ల్యాప్‌టాప్ ఒక్కటే అడ్డమైతే మాత్రం ఓటీజీ చక్కని దారి. కానీ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఒక్క ఫైలు కూడా ఎక్కదు, పెళ్లి వీడియోలు దాటే అవకాశముంది. ముందే కంప్యూటర్‌లో ఫార్మాట్ చేసి ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకోండి. అలా మారిస్తే పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి కాబట్టి ఖాళీది తీసుకోండి.

సాకెట్ అసలు పనికిరాకపోతే వైఫై మీద ఆధారపడండి. విండోస్‌కి క్విక్ షేర్ అనే యాప్ ఉంది, ఫోన్‌లోనూ అదే పేరుతో ఉంటుంది. 2024లో గూగుల్ తన నియర్‌బై షేర్‌ని శామ్‌సంగ్ క్విక్ షేర్‌తో కలిపేసింది, పాత ఫోన్‌లో నియర్‌బై షేర్ అని కనబడినా కంగారు పడొద్దు. ఇంట్లో వైఫై బాగుంటే రాత్రికి పని అయిపోతుంది. ఫోన్‌కి మెమరీ కార్డు స్లాట్ ఉంటే ఇంకా మేలు. కార్డు వేసి, ఫైళ్లు దానిలోకి పంపి, కార్డుని రీడర్‌లో పెట్టి చదువుకోవచ్చు. పాస్‌బుక్కు ఫోటోలు నాలుగైదేగా, అవి ఈ క్షణమే మీ వాట్సాప్‌కి పంపేసుకోండి, ఫోటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి. ఫోటోగా పంపితే కుదించేస్తుంది, సర్వే నంబర్లు మసకబారతాయి.

ఐఫోన్ వాళ్లకి రెండు ముక్కలు. కేబుల్ పెట్టగానే 'ట్రస్ట్ దిస్ కంప్యూటర్' అని వస్తే ట్రస్ట్ నొక్కి పాస్‌కోడ్ కొట్టాలి, వద్దంటే ఏమీ కనబడదు. విండోస్‌లో ఆపిల్ డివైసెస్ యాప్ వేసుకోండి. ఫోటోలు కాపీ అవుతూ మధ్యలో డివైస్ పనిచేయడం లేదన్న ఎర్రర్ వస్తుంటే, ఫోన్ సెట్టింగ్స్‌లో ఫోటోస్‌కి వెళ్లి అడుగున 'కీప్ ఒరిజినల్స్' పెట్టండి. మ్యాక్‌కి ఆండ్రాయిడ్ ఫోన్ పెట్టేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, మ్యాక్‌లో ఎంటీపీ దానంతటది ఉండదు. ఓపెన్‌ఎంటీపీ లాంటి ఉచిత యాప్ వేసుకోవాలి.

ఫోన్ కనబడ్డాక తొందరపడి 'కట్' కొట్టకండి, 'కాపీ'నే వాడండి. కెమెరా ఫోటోలు, వీడియోలు డీసీఐఎం ఫోల్డర్‌లో ఉంటాయి. బంధువులు వాట్సాప్‌లో పంపినవి ఆండ్రాయిడ్ 11 నుంచి చోటు మారాయి. ఆండ్రాయిడ్ అన్న ఫోల్డర్, దానిలో మీడియా, దానిలో వాట్సాప్ పేరున్న ఫోల్డర్ తెరిస్తే దొరుకుతాయి. బయట వాట్సాప్ ఫోల్డర్ లేదని పోయాయనుకోవద్దు. ఫోల్డర్ మొత్తం ఒకేసారి లాగితే ఎంటీపీ మధ్యలో ఆగిపోవచ్చు, అది ఒకసారికి ఒక పని మాత్రమే చేసుకోగలదు. ఓ రెండు వందల ఫైళ్ల చొప్పున పంపండి, స్క్రీన్ ఆఫ్ అయ్యే టైం పెంచండి, ఆ సేపు ఫోన్ కదపకండి. నాన్నగారికి కాల్ వస్తే మీరే ఎత్తండి, ఫోన్ చేతిలోకి తీసుకోకుండా స్పీకర్‌లో.

అన్నీ వచ్చాక ల్యాప్‌టాప్‌లో ఫైళ్ల సంఖ్య ఫోన్‌లోదానితో సరిపోయిందో చూడండి. పెద్ద వీడియోలని ఒక్కొక్కటీ తెరిచి చివరిదాకా జరిపి చూడండి, సగంలో తెగినవి చివర్లోనే బయటపడతాయి. ఇంకో కాపీ హార్డ్‌డిస్క్‌లోనో అక్క దగ్గరో పెట్టండి. ఆ తర్వాతే ఫోన్‌లోంచి తీసేయండి, అదీ నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఏవి ఉంచాలో ఆయన్నే అడిగి.